పసిపిల్లల గొట్టానికి పాత కొలత చాలదు

నోటితో పాలు తాగలేని పిల్లలకు ముక్కు ద్వారా కడుపులోకి సన్నని గొట్టం వేస్తారు. ఆసుపత్రుల్లో దీన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. లోపలికి పంపిన పొడవు తక్కువైతే కొన అన్నవాహికలోనే ఆగుతుంది. పాలు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎక్కువైతే కొన చిన్నపేగులోకి జారవచ్చు.

ముక్కు నుంచి చెవి తమ్మెకు, అక్కడి నుంచి రొమ్ము ఎముక కొసకు కొలవడం పాత పద్ధతి. పిల్లల్లో ఇది తరచూ తక్కువ పొడవు చూపుతుందని పరిశోధనలు తేల్చాయి. గొట్టం కొనే కాదు, పక్కనున్న రంధ్రాలన్నీ కడుపులోనే ఉండాలి. అందుకే రొమ్ము ఎముక కొసకూ బొడ్డుకూ మధ్య బిందువు దాకా కొలవడం మేలు. వయసు, ఎత్తులను బట్టి పొడవు లెక్కగట్టే సూత్రాలూ ఉన్నాయి.

ఏ కొలతైనా అంచనాయే, రుజువు కాదు. గాలి ఊది, పొట్టపై స్టెతస్కోప్ పెట్టి శబ్దం వినడమూ రుజువు కాదు. గొట్టం ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ శబ్దం వినిపించవచ్చు. గొట్టం నుంచి లాగిన ద్రవం పీహెచ్ 5.5 లేదా అంతకు తక్కువ ఉందో లేదో చూడాలి. సందేహముంటే ఎక్స్‌రే తీయాలి. కొలత టేపు, పీహెచ్ కాగితం ఖరీదైనవి కావు. మారాల్సింది అలవాటే.