రెక్క విరిగిన డ్రోన్... విప్పాలా, వద్దా?

పెళ్లి ఊరేగింపు మీద తిరుగుతున్న డ్రోన్ కొబ్బరి మట్టకు తగిలి ధబ్బున కింద పడింది. వీడియో తీసే కుర్రాడు పరుగెత్తి ఏరుకొచ్చాడు. ఒక ఆర్మ్ వేలాడుతోంది. కెమెరా పక్కకు వాలిపోయింది. అప్పు చేసి కొన్న సరుకు. నాలుగు రోజుల్లో మరో ముహూర్తం. సర్వీస్ సెంటర్‌కి పంపితే ఎప్పుడొస్తుందో తెలియదు. యూట్యూబ్ తెరిస్తే మాత్రం పది నిమిషాల్లో బాగుచేసి చూపించేవాళ్లు బోలెడు మంది. మరిప్పుడు స్క్రూడ్రైవర్ అందుకోవడమేనా?

పోనీ కొత్తది కొనేద్దామంటే అదీ అంత తేలిక కాదు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. రక్షణ, పరిశోధన లాంటి కొన్ని అవసరాలకే మినహాయింపు. విడిభాగాలకు ఆ నిషేధం వర్తించదు. అందుకే ఉన్నదాన్ని బాగుచేసుకోవాలనే ఆశ. ఆశ మంచిదే. కానీ కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందం కాకూడదు కదా!

ముందుగా బ్యాటరీ సంగతి. డ్రోన్ పడిన వెంటనే దాన్ని బయటికి తీసేయండి. ఉబ్బినా, సొట్టపడినా ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. లిథియం బ్యాటరీకి లోపల దెబ్బ తగిలితే అప్పటికప్పుడే కాకుండా, కాసేపాగి కూడా మంట అంటుకోవచ్చు. ఇంట్లో పెట్టొద్దు, ఛార్జింగ్ అసలే వద్దు. నీళ్లలో పడిన డ్రోన్‌నైతే 'పనిచేస్తుందేమో చూద్దాం' అని ఆన్ చేయకండి. సముద్రపు నీరైతే ఉప్పు సర్క్యూట్లను తినేస్తుంది.

తర్వాత కాగితాలు. వారంటీ ఉందా? ప్రమాదాలకు వర్తించే పథకం ఏదైనా తీసుకున్నారా? ఉంటే ఒక్క స్క్రూ కూడా తిప్పకుండా, విరిగిన ముక్కలతో సహా పంపండి. ఒకసారి విప్పాక కంపెనీ 'మాకు సంబంధం లేదు' అనే అవకాశం ఎక్కువ. ఫోన్‌లోని యాప్‌లో చివరి ప్రయాణం రికార్డు ఉంటుంది. అదీ చూడండి. చెట్టుకు తగిలి పడిందా, గాల్లో మోటారు ఆగి పడిందా అన్నది చాలావరకు అందులో తెలుస్తుంది. మోటారు ఆగి పడితే విరిగిన ఆర్మ్ మారిస్తే సరిపోదు. అసలు జబ్బు లోపలే ఉంటుంది.

ఇవేవీ అడ్డం కాకపోతే, ఏది విరిగిందన్న దాన్ని బట్టి నిర్ణయం. ప్రొపెల్లర్లు ఎవరైనా మార్చుకోవచ్చు. సవ్యంగా తిరిగేవి, అపసవ్యంగా తిరిగేవి వేర్వేరు. గుర్తులు చూసి బిగించాలి. విరిగినదాన్ని గమ్‌తో అతికించడం మాత్రం వద్దే వద్దు. పైతొడుగు, కాళ్లు, కెమెరాకి ఉండే రబ్బరు బుష్‌లు కూడా ఓపికుంటే ఇంట్లో అయ్యే పనులే. స్క్రూలు ఒక్కోటి ఒక్కో పొడవు. విప్పిన వరుసలోనే కోడిగుడ్ల ట్రేలో వేసుకుంటే, ఒక్కో మెట్టుకీ ఫొటో తీసుకుంటే తికమక ఉండదు.

మోటారు మార్చాలంటే టంకం పని రావాలి. దానికి మూడు తీగలు. వాటిలో ఏ రెండు తారుమారైనా మోటారు ఎదురు తిరుగుతుంది, డ్రోన్ లేవబోతూనే పల్టీ కొడుతుంది. కెమెరాని కదలకుండా పట్టి ఉంచే గింబల్ ఇంకా నాజూకు. అందులోని రిబ్బన్ కేబుల్ కాగితంలా పలచన. అది మార్చాక క్యాలిబ్రేషన్ చేయాలి. కొన్ని మోడళ్లకు అది కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో తప్ప కుదరదు. ఇక మెయిన్ బోర్డు కాలిందంటే సొంత వైద్యం ఆపేయడమే మేలు. ఖర్చు అదే రకం సెకండ్ హ్యాండ్ డ్రోన్ ధరలో సగం దాటితే, విడిభాగాల కింద అమ్ముకోవడమే లాభసాటి.

బిగించేశాం, లైట్లు వెలిగాయి. అయిపోయినట్టేనా? ఇల్లు అలకగానే పండగ కాదు! ముందు ప్రొపెల్లర్లు లేకుండా మోటార్లు తిప్పి చూడండి. గరగరమని చప్పుడొస్తే ఇసుకో, వంగిన ఇరుసో ఉన్నట్టే. యాప్‌లో సెన్సర్లు, దిక్సూచి సరిచేసుకోండి. తర్వాత మనుషుల్లేని ఖాళీ పొలంలో తలెత్తు ఎత్తున ఐదు నిమిషాలు నిలిపి దించండి. ఆఫ్ చేసి నాలుగు మోటార్లనూ జాగ్రత్తగా తాకి చూడండి. ఒకటే బాగా కాలుతుంటే పని ఇంకా మిగిలే ఉంది. అన్నీ బాగున్నా, మూడు నాలుగు బ్యాటరీలు ఖాళీ అయ్యేదాకా పొలం దాటనీయకండి.

ఎందుకింత చాదస్తం అంటారా? విమానం ఇంజిను ఆగినా రెక్కల మీద కొంతదూరం జారుతుంది. నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్‌కి ఒక్కటి ఆగితే చాలు, రాయిలా పడడమే. గాలి అడ్డును లెక్కలోంచి తీసేస్తే 30 మీటర్ల ఎత్తునుంచి పడే వస్తువు నేలకు చేరేసరికి గంటకు 87 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. గాలి కొంత తగ్గించినా, కింద ఉన్నది మనిషి తల.

అందుకే 'నేను బాగుచేయగలనా' అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. 'నేను బాగుచేసిన డ్రోన్‌ని నా పిల్లలు ఆడుకునే చోట ఎగరేస్తానా' అని కూడా అడగండి. ధైర్యంగా 'ఊ' అనగలిగితే స్క్రూడ్రైవర్ అందుకోండి. నోరు తడబడితే మెకానిక్‌కి ఇవ్వండి. వచ్చే ముహూర్తానికి ఒక డ్రోన్ అద్దెకు తెచ్చుకుంటే సరి!