అక్షరం అందరిదీ కావాలంటే

కన్ను చేయవలసిన పనిని చెవికి, చేయి చేయవలసిన పనిని నోటికి అప్పగించగల సాధనం కంప్యూటర్. ఇందుకు ప్రత్యేక పరికరాలు కొనవలసిన అవసరం నేడు చాలావరకు తీరిపోయింది. తెరపై అక్షరాలను పెద్దవిగా చూపే భూతద్దం విండోస్ 98లోనే ఉంది. ఆపిల్ సంస్థ తెరను చదివి వినిపించే వాయిస్ ఓవర్‌ను 2005లో మెకింటాష్‌లోను, 2009లో ఐఫోన్‌లోను పొందుపరచింది. ఆస్ట్రేలియాకు చెందిన అంధుడు మైకేల్ కర్రన్ 2006లో ప్రారంభించిన ఎన్.వి.డి.ఎ. ఉచితంగా లభిస్తుంది, తెలుగును సైతం పలుకుతుంది. తెలుగు మాటను విని అక్షరాలుగా మార్చే సదుపాయాన్ని గూగుల్ 2017లో కల్పించింది.

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2008లో ధ్రువీకరించిన ఖతార్, 2010లో ఈ సాంకేతికత కోసమే 'మదా' కేంద్రాన్ని నెలకొల్పింది. అరబీ భాషలో ఈ సాధనాల వ్యాప్తికి ఆ కేంద్రం పాటుపడుతున్నది. ఆ దేశంలోని తెలుగువారు దీని నుండి నేర్వవలసినది ఎంతో ఉంది.

తెలుగుకు అడ్డంకి యంత్రంలో కంటె మన ముద్రణ అలవాట్లలోనే ఎక్కువగా ఉంది. యూనికోడ్ పద్ధతిలో 'క' అక్షరానికి 3093 అనే సంఖ్య కేటాయించబడింది. ఆ సంఖ్యను చూడగానే ఏ కంప్యూటరైనా దానిని 'క'గా గుర్తించి పలుకుతుంది. 1991 నుండి తెలుగుకు ఈ స్థానం ఉన్నది. అయినా పాత తరహా ఫాంట్లలో కూర్చిన పుస్తకాలు, సంచికలు అనేకం. వాటిలో రోమన్ అక్షరాల సంఖ్యలకే తెలుగు రూపాలు తొడుగుతారు. కంటికి అది చక్కని తెలుగు. చదివే యంత్రానికి అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు. ఒకే రంగులో ఉన్న రెండు ద్రావణాలు ఒకే పదార్థం కానట్లే, చూపుకు ఒకటిగా ఉన్న రెండు పుటలు కంప్యూటరుకు ఒకటి కావు.

ఈ విషయం అంధులకు మాత్రమే పరిమితం కాదు. చూపు మందగించిన వృద్ధులకు, చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా గల పిల్లలకు, చదువు అంతగా అబ్బని కార్మికులకు కూడా ఇది అవసరం. ఖతార్ 2004 నాటి 14వ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగ ఒప్పందం అరబీలో ఉండాలి; అనువాదంతో తేడా వస్తే అరబీ పాఠమే చెల్లుతుంది. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి వెళ్ళిన కార్మికుడు ఆ కాగితాన్ని ఫోను కెమెరాకు చూపి, తెలుగులో సారాంశం వినగలడు. అయితే యంత్రానువాదం పొరపడవచ్చు. జీతం అంకెలు, గడువు, సెలవులు వంటి అంశాలను భాష తెలిసిన వ్యక్తితో సరిచూసుకొనకుండా సంతకం చేయరాదు. యంత్రం ఇచ్చేది ప్రశ్న అడిగే ధైర్యమే కాని, తుది తీర్పు కాదు.

కనుక ప్రవాస తెలుగు సంఘాలు మూడు పనులు చేపట్టడం సముచితం. ప్రత్యేక సంచికలను యూనికోడ్‌లో కూర్చి, అచ్చుప్రతితో పాటు పాఠ్యప్రతిని కూడా అందించాలి. ప్రతి చిత్రానికి, ప్రతి రసాయన సూత్రానికి మాటల్లో వివరణ జోడించాలి. బొమ్మగా అతికించిన సూత్రాన్ని వినేవాడికి ఏమీ అందదు. సెలవురోజున కార్మికుల వసతి గృహాలకు వెళ్ళి, వారి ఫోనులోనే ఉన్న ఈ సౌకర్యాలను చూపించాలి.

వీటికి పెద్ద నిధులు అక్కరలేదు, శ్రద్ధ చాలు. తెలుగు భాషాభిమానాన్ని వేదికలపై చాటుకొనే సంఘం ప్రచురించిన సంచికను ఒక తెలుగు అంధుడు చదువుకొనలేకపోతే, ఆ అభిమానం అసంపూర్ణమే అవుతుంది.