వాట్సాప్ లోపం సరిచేశారు, నిఘా పెట్టిందెవరో ఇంకా చెప్పలేదు

2019 అక్టోబరులో దేశంలోని కొందరు కార్యకర్తలకు, లాయర్లకు, జర్నలిస్టులకు వాట్సాప్ నుంచి ఒక హెచ్చరిక అందింది. మీ ఫోన్‌పై నిఘా సాఫ్ట్‌వేర్‌తో దాడి జరిగిందన్నది దాని సారాంశం. ఆ సాఫ్ట్‌వేర్ పెగాసస్. హెచ్చరిక అందుకున్నవారిలో ఆనంద్ తేల్తుంబ్డే, భీమా కోరేగావ్ కేసులో నిందితుల తరఫు లాయర్లు, ఛత్తీస్‌గఢ్‌కు చెందిన దళిత హక్కుల కార్యకర్త కూడా ఉన్నారు.

ఈ దాడికి వాడుకున్న లోపాన్ని బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. బయటి నుంచి వచ్చే డేటా కోసం సాఫ్ట్‌వేర్ మెమరీలో కొంత జాగా కేటాయిస్తుంది. వచ్చిన డేటా అందులో పడుతుందో లేదో సరిచూడకపోతే, మిగిలింది పక్క మెమరీలోకి పొర్లుతుంది. పొర్లే భాగాన్ని పథకం ప్రకారం తయారుచేసి పంపితే, ఫోన్ దాడి చేసేవాడి ఆదేశాలను అమలు చేస్తుంది. వాట్సాప్ కాల్స్ నడిపే కోడ్‌లోనే ఈ లోపం ఉంది. కాబట్టి కాల్ ఎత్తకపోయినా ఫోన్ చేజారుతుంది. అప్పుడు ఎన్‌క్రిప్షన్ కూడా కాపాడదు. తెరమీద మనం చదివేది వాళ్లూ చదవగలరు.

దళిత హక్కుల లాయరు ఫోన్‌లో ఆయన సొంత విషయాలే ఉండవు. అట్రాసిటీ కేసు పెట్టిన కుటుంబం నంబరు, ఊరు విడిచి తలదాచుకున్న సాక్షి చిరునామా, కోర్టులో వినిపించబోయే వాదన అందులోనే ఉంటాయి. బాధితులకు, సాక్షులకు రక్షణను ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ హక్కుగా గుర్తించింది. ఆ వివరాలు బయటికి పొక్కితే ఆ హక్కుకు అర్థం లేదు.

వాట్సాప్ 2019 మేలో లోపాన్ని సరిచేసింది. సుమారు 1,400 ఫోన్లపై దాడి చేశారంటూ పెగాసస్ తయారీ సంస్థ ఎన్ఎస్ఓపై అమెరికాలో దావా వేసింది. 2024 డిసెంబరులో కోర్టు ఆ సంస్థదే బాధ్యత అని తేల్చింది. 2025 మేలో జ్యూరీ విధించిన సుమారు 16.8 కోట్ల డాలర్లను జడ్జి తర్వాత బాగా తగ్గించినా, వాట్సాప్ జోలికి రావద్దని నిషేధం విధించారు.

మరి మన దగ్గర? తమ సరుకు ప్రభుత్వాలకే అమ్ముతామని ఎన్ఎస్ఓ చెబుతుంది. కేంద్రం మాత్రం దేశభద్రత పేరుతో సుప్రీంకోర్టుకు వివరమైన అఫిడవిట్ ఇవ్వలేదు. కోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు పరీక్షించి 5 ఫోన్లలో మాల్‌వేర్ ఉందని గుర్తించింది, అది పెగాససేనని తేల్చలేకపోయింది. కేంద్రం కమిటీకి సహకరించలేదని 2022 ఆగస్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ కోర్టులోనే చెప్పారు.

2009 నాటి ఐటీ నిబంధనల ప్రకారం నిఘా ఉత్తర్వులిచ్చేదీ, సమీక్షించేదీ అధికారులే. మధ్యలో న్యాయమూర్తి లేరు. యాప్ అప్‌డేట్ చేసుకోవడం మన చేతిలో పని. నిఘాకు ముందు న్యాయమూర్తి అనుమతి, తర్వాత బాధితుడికి సమాచారం తప్పనిసరి చేయడం పార్లమెంటు పని. ఆ డిమాండ్ దళిత సంఘాల ఎజెండాలో ముందుండాలి.