గుత్తేదారుని క్రింద గడచిన యేండ్లు

పురపాలక సంఘములలో వీధులూడ్చువారును, సర్కారు వైద్యశాలలలో రోగులకు ఊడిగము చేయువారును పెక్కురు ప్రజల పని చేయుచున్నారు గాని ప్రభుత్వపు జీతగాండ్రు కారు, గుత్తేదారుని మనుష్యులు. గుత్తకాలము తీరగనే గుత్తేదారు మారును. వీధి మారదు, చీపురు మారదు, పని చెప్పు మేస్త్రీయు మారడు. ఇట్లు పదునైదేండ్లు గడచిన పిమ్మట ఏలినవారు దయదలచి ఉద్యోగము ఖాయపరచిరేని, నాటినుండియే సేవ లెక్కకు వచ్చును. వెనుకటి యేండ్లు ఎవరి ఖాతాలో జమపడినవో చెప్పువారు లేరు.

పింఛనుకు ఏండ్లే ప్రాణము. 2025 ఏప్రిలు 1వ తేదీన అమలునకు వచ్చిన కేంద్రప్రభుత్వపు ఏకీకృత పింఛను పథకమునందు 25 ఏండ్ల అర్హసేవ కలవానికి కడపటి పండ్రెండు నెలల సగటు మూలవేతనములో సగము లభించును. 10 ఏండ్లు నిండినవానికి నెలకు 10,000 రూపాయలకు తగ్గదు. తొమ్మిదేండ్లే మిగిలియుండగా ఖాయమైనవానికి ఈ హామీ లేదు. గుత్తేదారుని క్రిందటి యేండ్లకు దిక్కు 1995 నాటి భవిష్యనిధి పింఛనే. దాని కనీసపు మొత్తమును 2014లో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించిరి!

1972 నాటి కేంద్ర పింఛను నిబంధనలలో 17వది, ఒడంబడికపై చేరి తరువాత ఖాయమైనవాడు, ఆ కాలమునకై పొందిన ప్రభుత్వ చందాను తిరిగి చెల్లించి, తొలి సేవను లెక్కించుకొనవచ్చునని చెప్పినది. 2023లో హిమాచల ప్రదేశ ప్రభుత్వపు అప్పీలునందు సుప్రీముకోర్టువారు ఆ న్యాయమునే నిలిపిరి. కాని యది ప్రభుత్వముతో నేరుగా ఒడంబడిక చేసికొన్నవారి మాట. నడుమ గుత్తేదారుడొకడు నిలిచెనా, కచేరి యదే, పని యదే యైనను ఏండ్లు మాయమగును.

"అతడు మా నౌకరు కాడు" అందురు. అట్లయిన, గుత్తేదారు కూలి యెగవేసినచో ప్రధాన యజమానియే చెల్లించి అతనినుండి రాబట్టుకొనవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము ఏల విధించినది? నెలజీతమునకు యజమానియైనవాడు ముసలితనమునకు మాత్రము పరాయివాడగుట మాకు బోధపడకున్నది. ఖజానాపై భారమందురా, ఆ మాట కొట్టివేయదగినది కాదు. కాని తక్కువ కూలికి పని చేయించుకొని ఆ ఖజానా ఇన్నేండ్లు మిగుల్చుకొన్నదియు నీ చేతులనుండియే గదా!

దళారులను తొలగింతుమని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లో పొరుగుసేవల కార్పొరేషను ద్వారా జీతములిప్పింప నారంభించినది. గుత్తేదారు తొలగెను, అతని క్రిందటి యేండ్లు మాత్రము ప్రభుత్వసేవ కాలేదు. కచేరి హాజరుపట్టీలచేతను, భవిష్యనిధి లెక్కలచేతను రుజువగు ఏండ్లను, యజమాని చందాను జమకట్టించుకొని, అర్హసేవగా నంగీకరింపవలెనని మేము కోరుచున్నాము. పట్టీలు దొరకనిచోట రుజువుభారము కార్మికునిపై మోపరాదు. వానిని భద్రపరుపవలసినది కచేరియే. శాసనసభలో నీ ప్రశ్న నడుగు సభ్యుడెవడో చూతము.