మన గోడ మీద మనం కూతకు వెళ్ళాలి



సంక్రాంతి సెలవులయ్యాక మన ఆటస్థలం గోడకు కొత్త బొమ్మలు వేయిస్తామని అసెంబ్లీలో చెప్పారు. పాత బొమ్మలు అందరికీ తెలుసు. అబ్బాయి బ్యాట్ పట్టుకుని పరిగెడుతుంటాడు. అమ్మాయి పువ్వు పట్టుకుని నిలబడి ఉంటుంది. మనది ఆడపిల్లల స్కూలు. రోజూ సాయంత్రం మనం ఆడేది కబడ్డీ. కాబట్టి ఆ గోడ మీద కబడ్డీ ఆడే అమ్మాయిలను వెయ్యాలని నా అభిప్రాయం.

డ్రాయింగ్ పోటీలో నేను అదే బొమ్మ వేశాను. కూతకు వెళ్ళిన అమ్మాయిని ఇద్దరు పట్టేశారు. ఒకరు చీలమండ పట్టుకున్నారు, ఒకరు నడుం పట్టుకున్నారు. ఆమె చెయ్యి మధ్య గీతకు బెత్తెడు దూరంలో ఉంది. "బాగుంది గానీ కొట్లాటలా ఉంది. చిన్నపిల్లలు చూసి కొట్టుకుంటారు" అన్నారు. ప్రైజు పూలకుండీ బొమ్మకు వచ్చింది. ఆ రాత్రి ఏడ్చాను. కానీ ప్రైజు కోసం ఇది రాయడం లేదు.

తర్వాత డ్రాయింగ్ సారు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించారు. అమెరికాలో జార్జ్ బెల్లోస్ అనే ఆయన 1909లో వేశారు. ఇద్దరు బాక్సర్లు ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటుంటారు. పక్కనే రిఫరీ ఉంటాడు. బాక్సర్ల ముఖాలు సరిగ్గా కనబడవు. కాళ్ళు, భుజాలు చూస్తేనే బలమంతా తెలుస్తుంది. బెల్లోస్ కూడా కాలేజీలో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడినవారేనట. ఆడినవాళ్ళకే ఆ పట్టు తెలుస్తుందని నాకనిపించింది. ఇప్పుడా బొమ్మ క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. కొట్లాట అని ఎవరూ తీసెయ్యలేదు.

అంత దూరం ఎందుకు? మా సవర వాళ్ళు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. వాటిలో గుర్రం ఎక్కేవాళ్ళు, చెట్టెక్కేవాళ్ళు, వేటకు పోయేవాళ్ళు, చేతులు పట్టుకుని ఆడేవాళ్ళు ఉంటారు. కళ్ళూ ముక్కూ లేకపోయినా ఎవరేం చేస్తున్నారో తెలిసిపోతుంది.

అసలు సంగతి ఇది. నాకు మండలం కబడ్డీ పోటీల సర్టిఫికెట్ వచ్చింది. మా అమ్మకు చదువు రాదు. దాన్ని మడతపెట్టి పెట్టెలో దాచింది, అంతే. నా మోకాలి మీద పక్కు చూసి హాస్టల్లో ఎవరో కొట్టారని భయపడింది. ఇంక చదువు చాలు, ఇంటికి వచ్చెయ్యమంది. అప్పుడు నా బొమ్మ చూపించాను. చాలాసేపు చూసింది. గీతను వేలితో తాకి, "ఇక్కడికి వస్తే గెలిచినట్టా?" అని మా భాషలో అడిగింది. అవునన్నాను. నవ్వింది. మళ్ళీ ఇంటికి రమ్మనలేదు.

మనలో చాలామంది అమ్మానాన్నలకు చదువు రాదు. నోటీసు బోర్డు చదవలేరు. గోడ మీది బొమ్మ చదవగలరు.

చిన్నపిల్లలు కొట్టుకుంటారనే మాటకు నా జవాబు: కబడ్డీలో జట్టుకు ఏడుగురు ఉంటారు, కూతకు 30 సెకన్లు ఉంటాయి, రిఫరీ ఉంటారు. కొట్లాటకు ఇవేమీ ఉండవు. బొమ్మలో రిఫరీని కూడా వేద్దాం. పక్కు కట్టిన మోకాలు కూడా వేద్దాం, దాచొద్దు.

2010 ఆసియా క్రీడల్లో మొదటిసారి ఆడవాళ్ళ కబడ్డీ పెట్టారు. మన దేశమే బంగారు పతకం గెలిచింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇవన్నీ జరిగాక కూడా మన గోడ మీద అమ్మాయి పువ్వు పట్టుకునే నిలబడాలా?

మేడమ్ గారూ, రంగులు ఇప్పిస్తే చాలు, మేమే వేస్తాం. కింద పేర్లు వద్దు, ముఖాలు కూడా వద్దు. ఏ అమ్మాయి చూసినా అది తనే అనుకోవాలి.

తప్పులుంటే క్షమించండి.

ఇట్లు
తొమ్మిదో తరగతి విద్యార్థిని