జపానుదేశ కళారక్షణము

జపానుదేశీయులు పుట్టుకతోనే కళారసికులనియు, తమ పూర్వుల శిల్పచిత్రములను వారెన్నడును ఉపేక్షించి యెరుగరనియు మనలో పలువురు తలంచుచుందురు. ఈ తలంపు ఆ జాతికి గౌరవము గూర్చునదే కాని సత్యము కాదు. తన కళను కోల్పోవనున్న జాతి దానిని తిరిగి యెట్లు చేపట్టెనో తెలిసికొనుట, ఊరక పొగడుటకంటె మనకెక్కువ ఉపకరించునని మా యభిప్రాయము.

1868వ సంవత్సరమున మెయిజీ ప్రభుత్వము షింటో దేవతారాధనమును బౌద్ధమునుండి వేరుచేయుచు శాసించెను. అంతట పలుచోట్ల బౌద్ధాలయములపై దాడులు జరిగెను. విగ్రహములను తగులబెట్టిరి, కంచుగంటలను కరగించిరి, దారిద్ర్యమున బడిన మఠములు తమ చిత్రపటములను దొరికిన వెలకు అమ్ముకొనెను. 1876లో ప్రభుత్వమే టోక్యోలో కళాపాఠశాల నొకదానిని స్థాపించి, ఇటలీనుండి ఆచార్యులను రప్పించి, పాశ్చాత్య పద్ధతిని మాత్రమే బోధింపజేసెను. కానో సంప్రదాయమున ఆరితేరిన హోగాయ్ వంటి చిత్రకారుడు పొట్టకూటికై చిల్లరపనులు చేసికొనవలసివచ్చెను. శత్రువెవ్వడును దండెత్తివచ్చి చేసిన చెరుపు కాదిది. పరుల కన్నులతో తన్ను తాను చూచుకొన నారంభించిన జాతి చేజేతుల చేసికొన్నది.

1878లో టోక్యో విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము బోధించుటకు వచ్చిన అమెరికాదేశీయుడు ఫెనొలోసాయు, అతని శిష్యుడు ఒకాకురాయు ఆలయములు తిరిగి అందలి కళాసంపదను పరిశీలింప బూనిరి. 1884లో వారు నారా సమీపమునందలి హోర్యూజీకి బోయి, యుమెదోనో మందిరమున శతాబ్దములుగా ఎవ్వరి కంటను బడక గుడ్డలతో చుట్టబడియున్న అవలోకితేశ్వర విగ్రహమును చూపుడని కోరిరి. తెరచినచో భూకంపము వచ్చి ఆలయము కూలునని అర్చకులు భయపడిరి. కట్లు విప్పగా, ఏడవ శతాబ్దమున కొయ్యతో చెక్కి బంగారురేకు తాపిన నిలువెత్తు మూర్తి వెలువడెను. ఇంటిలోని సొత్తును గుర్తెరుగుటకు ఆ జాతికి అంతకాలము పట్టెను! 1889లో ప్రారంభమైన టోక్యో లలితకళాశాల తొలుత స్వదేశ చిత్రలేఖనమును, దారుశిల్పమును, లోహపు పనిని, లక్కపనిని మాత్రమే నేర్పెను. మరుసటి యేటినుండి 1898 వరకు ఒకాకురా దాని కధ్యక్షుడుగా నుండెను.

అయినను మెచ్చుకోలు మాత్రమున కళ నిలువదు. ఆ ఫెనొలోసాయే తాను సేకరించిన వేయికి మించిన చిత్రములను 1886లో బోస్టన్ నగరవాసి కమ్మివేసెను. అవి ఆ నగరపు కళాప్రదర్శనశాలకు చేరినవి. అభిమానమునకు శాసనము తోడుగావలెనని జపాను గ్రహించెను. 1897లో ప్రాచీన దేవాలయ సంరక్షణ చట్టము పుట్టి, జీర్ణోద్ధరణమునకు ఖజానానుండి ధనసహాయము ఏర్పడెను. శ్రేష్ఠములైన వస్తువులు జాతీయనిధులుగా పరిగణింపబడెను. 1932లో కిబి మంత్రి కథను దెలుపు ప్రాచీన చిత్రపటమొకటి బోస్టను పాలుకాగా ప్రజలు కలతజెందిరి. మరుసటి సంవత్సరమే అట్టి వస్తువుల యెగుమతిని అరికట్టుచు చట్టము చేసిరి.

చట్టమున్నను ప్రమాదము తప్పలేదు. హోర్యూజీ ప్రధాన మందిరపు గోడలమీద పండ్రెండు శతాబ్దములకు పైగా నిలిచిన బౌద్ధచిత్రములు 1949 జనవరి 26వ తేదీని అగ్నిపాలై రంగులు కోల్పోయెను. వానిని అజంతా చిత్రములకు జ్ఞాతులని పండితులు చెప్పుదురు. 1940నుండి వానికి నకళ్లు వ్రాసిన చిత్రకారులలో అరాయ్ కంపో యొకడు. అతడు 1916లో కలకత్తాకు వచ్చి ఠాకూరుల యింట చిత్రవిద్య బోధించి, అజంతా గుహలలో కూర్చుండి అచ్చటి చిత్రములకును నకళ్లు వ్రాసినవాడు! ఆ నకళ్లును, 1935లో తీసిన ఛాయాచిత్రములును ఉండుటచేతనే 1968 నాటికి ఆ గోడలపై ప్రతిరూపములను నిలుపగలిగిరి. ఈ దహనము పిమ్మట 1950లో వచ్చిన సాంస్కృతిక సంపద చట్టము వస్తువులనే గాక, వానిని చేయు నేర్పును గూడ కాపాడదగినదిగా నెంచెను. కుమ్మరియు, నేతగాడును, నటుడును ఆ నేర్పునకు ధారకులుగా నేడచ్చట గుర్తింపబడుచున్నారు.

ఇందొక హెచ్చరికయు గలదు. ఆసియా సంస్కృతి యేకత్వమును ఒకాకురా 1903లో గ్రంథముఖమున చాటెను. అతడు గతించిన 1913 తరువాత రెండు దశాబ్దములకు యుద్ధవాదులు ఆ భావమునే చైనా మొదలగు దేశములపై దండయాత్రలకు ముసుగుగా గప్పిరి. తన కళను ప్రేమించుట వేరు, దానిని చూపి పరులపై పెత్తనమునకు బోవుట వేరు. మొదటిది మాత్రమే మనకు గ్రాహ్యము.

అమరావతి స్తూపశిలలలో పెక్కు నేడు లండన్, చెన్నపట్టణముల మ్యూజియములలో నున్నవి. వానికై వగచుటతోనే దేశభక్తి ముగియదు. మన గ్రామదేవాలయపు గోడలమీద సున్నము మాటున మాసిపోవుచున్న చిత్రములకు పట్టిక యెవరు వ్రాసిరి? కలంకారీ పనివానికి శిష్యుని నెవరు సమకూర్చిరి? నిప్పంటుకొనక మునుపే నకలు వ్రాయించుకొన్న జాతికి బూడిదలోనుండియు కొంత దక్కినది. మనము ఆ మాత్రపు ముందుచూపునైనను నేర్తుముగాక.