కౌలు కాగితంలో లేని మాట

మన కంటోన్మెంటు తెలుగు కుటుంబాలలో కొందరికి పల్లెలో ఇంకా నాలుగెకరాలో పదెకరాలో ఉన్నవి. కౌలు పైకం చేతికి వస్తే చాలుననుకొంటాము గాని, ఏ పంట తరువాత ఏ పంట వేశారని అడగము. ఈ మాసం ఆ సంగతే మనవి చేయదలచినాను.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినా పైరు దానిని నేరుగా తీసుకోలేదు. శనగ, కంది, వేరుశనగ మొక్కల వేళ్లలో రైజోబియం అనే సూక్ష్మజీవులు చేరి, బుడిపెలు కట్టి, ఆ నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపానికి మారుస్తవి. బదులుగా మొక్క వాటికి తిండి పెడుతుంది. జర్మనీలో హెల్‌రీగెల్ 1886లో ఈ సంగతి వెల్లడించగా, 1888లో హాలెండు దేశపు బైయరింక్ ఆ జీవులను వేరుచేసి చూపినాడు.

ఈ పేర్లు ఎరుగకపోయినా మన పెద్దలు జొన్నలో కంది సాళ్లు వేసేవారు. నల్లరేగడిలో పంట మార్చి శనగ విత్తేవారు. 1953లో తుంగభద్ర నీరు కాలువలకు వచ్చిన తరువాత, నీరందిన చోట వరి వెంట వరి అలవాటయినది. నీరు నిలిచి గాలాడని మడిలో, తిండిపెట్టే మొక్క ఏళ్ల తరబడి లేకపోతే ఈ జీవులు తగ్గిపోతవి. యూరియా మెండుగా వేసిన నేలలో శనగ కూడా బుడిపెలు సరిగా కట్టదు. వండిన అన్నం ఎదుట ఉండగా పొయ్యి ఎవరు రాజేస్తారు?

చాలా ఏళ్లుగా శనగ ఎరుగని పొలమైతే, విత్తనానికి శనగకు తగిన రైజోబియం పట్టించి విత్తవలె. వేరుశనగకు ఇచ్చేది దీనికి పనికిరాదు. పూత సమయంలో ఒక మొక్కను మట్టితోసహా త్రవ్వి తీసి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబి రంగుంటే పని జరుగుతున్నదన్నమాట.

అయితే గింజతోపాటు నత్రజని చాలవరకు ఇంటికి పోతుంది. వేళ్లు, రాలిన ఆకులు మాత్రమే పొలానికి మిగులుతవి. ఆ మేలు మరుసటి పంటకు. ఏడాదికే పొలం తీసుకొన్న కౌలుదారు మరుసటి పంట కోసం ఎందుకు నష్టపడతాడు? తప్పు అతనిది కాదు. మూడేళ్లకు మాట ఇచ్చి, శనగ వేసిన యేడు కౌలు కొంత తగ్గించి చూడండి. ఈసారి కాగితం వ్రాసుకొనేటప్పుడు ఆ ఒక్క పంక్తి చేర్చవలసినది మనమే.